తీగ మొదట్లో పోయాల్సింది

సీసా మధ్యాహ్నం నుంచీ భోజనాల బల్ల మీదే ఉంది, ఖాళీగా. దాన్ని తీసి అవతల పెట్టే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

అనంతలక్ష్మి తలారబోసుకోవడం కూడా మరిచిపోయి సోఫా అంచున కూర్చుంది. కోడలు ధాత్రి స్కూలుకి కట్టుకెళ్ళిన చీరైనా మార్చుకోకుండా బల్లకి అవతలి పక్కన కూర్చుంది. కిందనుంచి అల్ దోహా అల్ జదీదా వీధిలో టాక్సీల హారన్లు వినిపిస్తున్నాయి. గురువారం, సగం సెలవు రోజు. ఇళ్ళల్లో ఇల్లాళ్ళు ఈ వేళకి సాయంత్రం ఎక్కడికెళ్దామని మొగుళ్ళతో వాదించుకుంటూ ఉంటారు.

జరిగింది చిన్నదే. పొద్దున్న కోడలు స్కూలుకి వెళ్ళాక, మనవరాలి బీరువా దులుపుదామని తెరిచింది అనంతలక్ష్మి. తన్మయి పోయాకే ఆవిడ కొడుకు దగ్గర ఉండడానికి దోహా వచ్చింది. పిల్ల పోయి ఏడాది కావస్తున్నా ఆ బీరువాలో గౌన్లు అలాగే ఉన్నాయి. ఆ గౌన్ల వెనకాల, ఉన్ని శాలువాలో చుట్టి, ఇంగ్లీషు అక్షరాలేవో రాసి ఉన్న నల్లటి సీసా దొరికింది. మందు. కొడుకు దుఃఖం దిగమింగలేక తాగుడు మరిగాడని, పోయిన పిల్ల బట్టల వెనక దాచుకుని మరీ తాగుతున్నాడని ఆవిడకి తోచింది. ఈ గల్ఫు దేశంలో పోలీసులకి దొరికితే ఏమవుతుందోనన్న భయం కూడా వేసింది. వంటింటి సింకులో పోస్తే వంటిల్లు మైలపడుతుందని బాల్కనీ తూములో వంపేసి, నెత్తిన నీళ్ళు పోసుకుని, దేవుడి దగ్గర దీపం పెట్టింది. కొడుకుని కాపాడుకున్నానన్న సంతోషంలో పప్పులో ఇంత నెయ్యి ఎక్కువ కూడా వేసింది పాపం.

ధాత్రి ఇంటికి రాగానే ఆ సంగతి ఆవిడే చెప్పింది, కాస్త గొప్పగానే.

"అది ఎవరిదనుకున్నారు అత్తయ్యా?" అని అడిగింది ధాత్రి.

"మావాడిదే. ఇంకెవరిదనుకోమంటావు?"

"తన్మయిది."

అనంతలక్ష్మికి అర్థం కాలేదు. అర్థం కాకపోవడం ఆవిడ తప్పు కాదు. నాలుగేళ్ళ పిల్లకి మందు సీసా ఉంటుందని రామచంద్రపురంలో పుట్టి, కాకినాడలో కాపరం చేసిన ఏ మామ్మా ఊహించలేదు. ధాత్రి చెప్పడం మొదలుపెట్టింది. గొంతు పెంచకుండా, క్లాసులో పాఠం చెప్పినట్టు చెప్పింది. అరిచినా బాగుండేదని అనిపించింది పెద్దావిడకి.

పై అంతస్తులో ఉండే గ్రసియేలా వాళ్ళది అర్జెంటీనా. మెండోసా అనే ఊరు. భర్త ఎర్నెస్తో రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో వెల్డింగు పనుల తనిఖీకి వచ్చాడు. ధాత్రి భర్త ఆనందరావు పనిచేసేదీ అక్కడే. ఎర్నెస్తో పుట్టింది ద్రాక్షతోటలున్న ఇంట్లో, గ్రసియేలా పుట్టిందీ అలాంటి ఇంట్లోనే. వాళ్ళకి పిల్లల్లేరు. తన్మయి పుట్టినప్పుడు ధాత్రికి పథ్యం సూపు కాచి తెచ్చింది గ్రసియేలాయే. పిల్లకి నడకొచ్చాక సగం రోజు పై అంతస్తులోనే ఉండేది.

దోహా ఎడారి చూసి బెంగపడేవాళ్ళంటే గ్రసియేలాకి నవ్వొచ్చేది. మాదీ ఎడారే, వాన చుక్క పడదు, కొండమీద మంచు కరిగి కాలవల్లో వస్తేనే మాకు నీళ్ళు అనేది. ఆ నీళ్ళకి వంతులు. వంతు తెల్లవారుజామున వచ్చినా పార భుజాన వేసుకుని వెళ్ళాల్సిందే. ఆ మాట వినగానే ధాత్రికి వాళ్ళ నాన్న కాలవ గట్టున లాంతరు పట్టుకుని తిరగడం గుర్తొచ్చి, ఆ వేళనుంచే గ్రసియేలా అక్కయ్య అయిపోయింది.

వాళ్ళ భయమల్లా వడగళ్ళు. ఏడాది కష్టం కాస్సేపట్లో నేల రాలిపోతుంది. మబ్బు నల్లబడితే గ్రసియేలా అత్తగారు వాకిట్లో బూడిదతో శిలువ గీసి, మధ్యలో గొడ్డలి దించేదట, మబ్బు తెగిపోవాలని. తన్మయి అది విని ఒకసారి బాల్కనీ పూలకుండీలో చెంచా గుచ్చి కూర్చుంది. దోహాలో వడగళ్ళు పడకుండా తనే ఆపుతున్నానంది.

ఎర్నెస్తో తండ్రి పేరు అమదేయో. వాళ్ళు పండించే నల్ల ద్రాక్ష మాల్బెక్. అది ఎక్కడో ఫ్రాన్సులో పుట్టి, అక్కడ ఎవరికీ అక్కర్లేక, ఓడెక్కి వచ్చి మెండోసాలో నిలదొక్కుకున్న తీగ. మనలాంటిదే అని నవ్వేది గ్రసియేలా. తరవాత రోజులు మారాయి. ధర పడిపోయింది, తీగలు పీకెయ్యమని ప్రభుత్వమే డబ్బులిచ్చింది. చుట్టుపక్కల వాళ్ళు పీకేసి వెల్లుల్లి వేసుకున్నారు. అమదేయో తోటంతా పోయినా ఇంటి వెనక మూడు వరసలు మాత్రం ముట్టుకోనివ్వలేదు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. బిడ్డ పుట్టిన ఏడాది పంట వైనుతో ఒక సీసా నింపి, బిరడా కొట్టి, మైనంతో మూసి, పేరు రాసి పక్కన పెడతారు. అది పెళ్ళినాడే తీయాలి. మొదటి గుక్క తండ్రి తాగాలి. కొడుక్కి పిల్లల్లేరని అమదేయో చాలా ఏళ్ళు సీసా నింపలేదు. మార్చి నెలలో, సరిగ్గా వాళ్ళకి పళ్ళు కోసే నెలలో, కింది అంతస్తులో ఆడపిల్ల పుట్టిందని కోడలు ఫోనులో చెప్పింది. ముసలాయన ఆ మూడు వరసల పళ్ళతో తన్మయికి సీసా నింపాడు. అది కంపెనీ సామాన్ల కంటెయినర్లో, ఆలివ్ నూనె డబ్బాల మధ్య దాక్కుని దోహా చేరేసరికి పిల్లకి రెండేళ్ళు దాటాయి. థ్యాంక్స్ చెప్పడానికి ధాత్రి ఫోన్ చేస్తే ఆయన ఆ థ్యాంక్స్ పుచ్చుకోలేదు. తాగిన రోజున ఎలా ఉందో చెప్పాలి, నేను లేకపోతే నా కోడలికి చెప్పాలి, మా దగ్గర థ్యాంక్సంటే అదే అన్నాడట. మరుసటి ఏడాదే ఆయన పోయాడు. ఆ పై ఏడు తన్మయి పోయింది, మెదడువాపు జ్వరంతో.

అప్పటినుంచీ సీసా గౌన్ల వెనక ఉంది. స్కూలుకి వెళ్ళేముందు బీరువా తెరిచి దానిమీద చెయ్యి వేసి వెళ్ళడం ధాత్రికి అలవాటైంది. అందులో తన్మయి పుట్టిన ఏడాది అలాగే ఉందని ఆవిడ నమ్మకం. పిచ్చి నమ్మకమే. కానీ కడుపుకోత ఉన్నవాళ్ళ నమ్మకాలని వెక్కిరించడానికి మనమెవరం?

ప్లాంటులో ఎర్నెస్తో పని ముగిసింది. రేపు పొద్దున్న గ్రసియేలా వాళ్ళ విమానం. తాగకుండా మిగిలింది తీగకే తిరిగి వెళ్ళాలి, నాకియ్యి, ఆ మూడు వరసల మొదట్లో నా చేత్తో పోసి తన్మయి పేరు చెప్పుకుంటాను అని ఆవిడ ఎన్నాళ్ళుగానో అడుగుతోంది. ధాత్రి ఇవ్వనంది. చివరికి మొన్ననే సరేనంది. ఇవాళ దీపాలు పెట్టే వేళకి ఆవిడ వచ్చి సీసా తీసుకెళ్ళాలి.

ఇదంతా విని అనంతలక్ష్మి బల్లమీద ఖాళీ సీసా వైపు చూసింది.

"నాతో ఒక్క మాట చెప్పి ఉండకూడదటే?" అంది.

"చెప్తే ఇంట్లో ఉండనిచ్చేవారా?"

"ఉండనిచ్చేదాన్ని కాదు. కానీ పారబోసేదాన్నీ కాదు."

నిజం చెప్పింది పెద్దావిడ. ధాత్రి అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు.

"బతికుండగా దాన్ని ఎన్నిసార్లు చూశారు మీరు? మేం సెలవులకి కాకినాడ వచ్చినప్పుడు తప్ప చూడలేదు. పోయాక ఉన్నది ఆ ఒక్కటీ. అది తూములో పోశారు."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. అనంతలక్ష్మి ఏడవలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని ఆ చేతుల వంకే చూసుకుంటూ కూర్చుంది.

కంపెనీ బస్సు దిగి ఆనందరావు ఇంటికొచ్చేసరికి అదీ పరిస్థితి.

బల్లమీద సీసా చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఏమైందని అడగలేదు. ధాత్రి చెప్పింది, రెండే వాక్యాల్లో. ఆయన బూట్లు విప్పుకోవడానికి వంగి, అక్కర్లేనంతసేపు వంగే ఉన్నాడు.

"పోనీలే" అన్నాడు లేచి. "అమ్మ తెలియక చేసింది. గ్రసియేలాకి నేను చెప్తాలే."

ధాత్రి భర్త మొహంలోకి చూసింది. పిల్ల పోయినప్పుడు కూడా కన్నీటిచుక్క రాల్చని మనిషి. కాయితాలూ సంతకాలూ విమానం టిక్కెట్లూ అన్నీ ఆయనే చూసుకున్నాడు. అది గట్టిదనమో బండతనమో ఈ ఏడాదిగా ధాత్రి తేల్చుకోలేకపోతోంది. కానీ ఇవాళ ఆ మొహంలో గట్టిదనం లేదు. పెద్ద బరువేదో దింపుకున్నవాడిలా ఉన్నాడు. కూతురి సీసా తూములో పోయిందంటే తండ్రికి ఊరటేమిటో ఆవిడకి అంతుపట్టలేదు.

ఆయన సీసా అందుకుని వంటింట్లోకి నడిచాడు, కడిగి ఖాళీ సీసా అయినా ఇద్దామంటూ. ధాత్రి చటుక్కున లేచి లాక్కుంది.

"కడగొద్దు."

అప్పుడే తలుపు తట్టారు. గ్రసియేలా కాదు, మల్లన్న, ఇక్కడి మాటలో నాతూరు. బిల్డింగు కాపలాకి కొత్తగా చేరాడు, జగిత్యాల మనిషి. చేతిలో తడిగుడ్డ ఉంది.

"అమ్మా, మీ బాల్కనీ కెల్లి ఎర్రగ ఏందో కారి కింద నిసార్ సాబ్ కారు మీద పడ్డది. తుడిస్తె పోతలేదు, ఒకటే జిగురు. పిల్లలు విమ్టో షర్బత్ గిట్ల ఒలకబోసిండ్రా?"

ఆ ఇంట్లో పిల్లలు లేరని అతనికి తెలియదు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆనందరావే ముందుకెళ్ళి, నేనొచ్చి కడిగిస్తాను, ఖలాస్, నువ్వెళ్ళు అని గబగబా పంపేసి తలుపు వేశాడు.

ధాత్రి బాల్కనీలోకి వెళ్ళింది. తూము దగ్గర సిమెంటు మీద ఎర్రటి మరక అట్టకట్టింది. దాని చుట్టూ చీమలు. నాలుగో అంతస్తుకి కూడా చీమలు దారి కనుక్కున్నాయి. వంగి వేలితో తాకి, ఆ వేలు నాలుక మీద పెట్టుకుంది. తియ్యగా ఉంది.

వైను రుచి ధాత్రికి తెలియదు. కానీ గ్రసియేలా చెప్పిన మాట గుర్తుంది. మా మామగారి వైన్లో తీపి వెతక్కు, పులిసేటప్పుడే పండులోని తీపంతా అయిపోతుంది, మిగిలేది ఆ ఏడాది అని చెప్పింది.

"అత్తయ్యా" అని బాల్కనీలోంచే పిలిచింది. "మూత దేంతో తీశారు?"

"దేంతో ఏమిటే, చేత్తోనే. ఇలా అనేసరికి ఊడొచ్చింది."

ఆ బిరడాలోకి మరమేకు లాంటిది దించి, బలం ఉన్న మగవాడు లాగాలని సీసా ఇచ్చిననాడే చెప్పాడు ఎర్నెస్తో.

ఆనందరావు బాల్కనీ గుమ్మంలో నిలబడ్డాడు. భార్య తిరిగి చూసేసరికి అబద్ధం చెప్పే ఓపిక ఆయనలో మిగల్లేదు. నెమ్మదిగా చెప్పాడు. అంతా అయ్యాక ధాత్రిని కాకినాడలో ఉంచి ఆయనొక్కడూ డ్యూటీకి తిరిగొచ్చాడు. మార్చిలో తన్మయి పుట్టినరోజు వచ్చింది. బస్సు దిగి ఇంటికొస్తే ఇల్లు అలాగే ఉంది, బీరువా అలాగే ఉంది.

"మొదటి గుక్క తండ్రి తాగాలన్నారు కదా" అన్నాడు. "పెళ్ళి ఎలాగూ లేదు. ఆ ఒక్క గుక్కయినా తాగుదామనుకున్నాను. ఒక్కటే అనుకున్నాను ధాత్రీ. తాగేసరికి ఏడుపొచ్చింది. ఆస్పత్రిలో రాలేదు, స్మశానంలో రాలేదు. అప్పుడొచ్చింది. ఆగితే మళ్ళీ రాదేమోనని తాగుతూనే ఉన్నాను."

జీవితంలో అంతకుముందు చుక్క ముట్టని మనిషి. పొద్దున్న లేచేసరికి ఖాళీ సీసా పక్కన ఉంది. కిరాణా కొట్టుకెళ్ళి, రంగు కలిసేలా ఎర్రటి విమ్టో షర్బత్ తెచ్చి నింపి, బిరడా తిరిగి నొక్కి, కొవ్వొత్తి కరిగించి మూత మీద పోశాడు. ధాత్రి వచ్చాక చెబుదామనుకున్నాడు. వచ్చిన మర్నాడే ఆవిడ బీరువా తెరిచి సీసా మీద చెయ్యి వేసి నిలబడ్డం చూశాడు. ఇంక నోరు పెగల్లేదు.

ధాత్రి వేలి జిగురు కొంగుతో తుడుచుకుంది. అమ్మ మీద తోసేసి ఊరుకుందామనుకున్నారా అని అడగబోయింది. నోట్లోంచి వచ్చింది అది కాదు.

"ఒక్కరే ఏడ్చారు. ఒక్కరే తాగారు. నన్ను మాత్రం రోజూ విమ్టో సీసాకి మొక్కుకోనిచ్చారు."

"ధాత్రీ..."

"మీకు ఏడుపు రాదనుకున్నాను. ఏడాదంతా బండరాయితో కాపరం చేస్తున్నాననుకుని మిమ్మల్ని అసహ్యించుకున్నాను. ఆ ఏడుపేదో నా ముందు ఏడిస్తే ఏం పోయింది మీకు?"

మసీదులోంచి పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ మొదలైంది. అది ఆగేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు. బాల్కనీ తలుపు తెరిచే ఉందనీ, సోఫాలో కూర్చున్న మనిషికి ప్రతి మాటా వినపడుతుందనీ ఇద్దరికీ తోచలేదు.

కాలింగ్ బెల్ మోగింది.

ఈసారి తలుపు తీసింది అనంతలక్ష్మి. గుమ్మంలో గ్రసియేలా, చేతుల్లో చిన్న చెక్కపెట్టె. పెట్టెలో తన్మయి పసుపుపచ్చ గౌను పరుపులా పరిచి ఉంది. సీసాకి దెబ్బ తగలకూడదని మొన్న ధాత్రే ఇచ్చింది. ఎర్నెస్తో సామాన్లు కడుతున్నాడు, ఇది మన ఆడవాళ్ళ పని కదా అని తనొక్కతే వచ్చానని చెబుతూ లోపలికొచ్చి, బల్లమీద ఖాళీ సీసా చూసి మాట ఆపేసింది.

అనంతలక్ష్మి ఆవిడ ఎదుట నిలబడి రెండు చేతులూ జోడించింది.

"నేను పారబోసేనమ్మా. మందనుకుని నేనే పారబోసేను."

తెలుగు మాట గ్రసియేలాకి అర్థం కాలేదు. అనంతలక్ష్మి కొడుకు వైపు తిరిగింది. అన్నీ విన్న మొహం అది.

"ఇంగ్లీషులో చెప్పరా ఆనందూ. మీ అమ్మ పారబోసిందని చెప్పు."

కొడుకు పరువు కోసం తల్లి నిందని కొంగులో మూట కట్టుకుంటోంది. అందులో అబద్ధం కూడా లేదు. ధాత్రి భర్తనే చూస్తోంది. చెబుతాడా, లేక ఆ కొంగు వెనకే దాక్కుంటాడా?

ఆనందరావు తన తల్లి తెలియక సీసా పారబోసిందని, క్షమించమని ఇంగ్లీషులో చెప్పాడు. నేల చూస్తూ చెప్పాడు.

ధాత్రి కళ్ళు మూసుకుంది. మధ్యాహ్నం నుంచీ అత్తగారిని అన్న మాటలన్నీ ఆ క్షణంలో తనకే తిరిగి తగిలాయి. వెళ్ళి ఆవిడ పక్కన నిలబడింది. జోడించే ఉన్న ఆ చేతులని పట్టుకుని కిందికి దించింది.

గ్రసియేలా పెట్టె బల్లమీద పెట్టి, రెండు చేతులతో సీసా అందుకుంది. ద్రాక్షతోట ఇంట్లో పుట్టిన మనిషి, ఖాళీ సీసా చేతికొస్తే మూతి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడ్డం ఆవిడకి చిన్నప్పటి అలవాటు. ఇప్పుడూ అలాగే చూసింది. ఇంకోసారి చూసింది. మూతి పక్కన గోరుతో గీకితే రాలింది కొవ్వొత్తి మైనం, మామగారు పోసిన మైనం కాదు.

ఆవిడ అనంతలక్ష్మిని చూడలేదు. ధాత్రిని చూసింది, ఆ కళ్ళల్లో ఏం దొరికిందో, అక్కడినుంచి తిన్నగా ఆనందరావు దగ్గరికెళ్ళి నిలబడింది. తిట్టినా ఆయన పడడానికి సిద్ధంగానే ఉన్నాడు.

"ఎలా ఉంది?" అని అడిగింది ఇంగ్లీషులో, మెల్లిగా.

ఆయన తలెత్తాడు.

"మా మామగారు అడగమన్నారు. తాగినవాళ్ళు నాకు చెప్పాలి కదా. ఎలా ఉంది?"

ఆనందరావు పెదవులు కదిలాయి. ఏడాదిగా ఎవరి ముందూ తడవని కళ్ళు అందరి ముందూ తడిశాయి.

తన్మయి పుట్టిన ఏడాది ఎలా ఉంటుందో లోకంలో తెలిసినవాడు ఆయనొక్కడే. అత్తగారి చెయ్యి వదలకుండా, ధాత్రి కూడా ఆ జవాబు కోసమే నిలబడి ఉంది.